ముందు బొమ్మ, తర్వాతే సూత్రం

ఇంటర్ ఎం.పి.సి.లో సరళరేఖ పాఠం మొదలైందంటే మన హాస్టళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "సూత్రాలు ఎక్కువ, ఇది మనవల్ల కాదు, వదిలేద్దాం." పూర్వ విద్యార్థులుగా మేం ఈ మాటను ఒప్పుకోం. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. లెక్క చెప్పేవారు ఇంట్లో లేరు, కోచింగ్‌కు డబ్బు లేదు. అయినా ప్రవేశ పరీక్షల్లో పేద విద్యార్థికి అందే పాఠాల్లో ఇది ముందుంటుందని మా నమ్మకం. దీనికి కావలసింది పెన్సిలు, చిత్తుకాగితం, బొమ్మ గీసే అలవాటు.

బోర్డు పరీక్షలో మెట్టు మెట్టుకూ మార్కు ఉంటుంది. 2024 నుంచి ఈఏపీసెట్‌గా పేరు మారిన మన ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే. అందులో 80 గణితానివి. అక్కడ పేజీలు నింపితే లాభం లేదు.

ఒక లెక్క చూద్దాం. (0, 0), (4, 0), (0, 3) శీర్షాలుగా గల త్రిభుజానికి లంబకేంద్రం, పరివృత్త కేంద్రం కావాలి. సమీకరణాలతో బయలుదేరితే పేజీ నిండుతుంది. బొమ్మ గీస్తే రెండు భుజాలు అక్షాల మీదే కనిపిస్తాయి. మూలబిందువు దగ్గర లంబకోణం ఉంది కాబట్టి అదే లంబకేంద్రం. కర్ణం మధ్యబిందువు (2, 1.5) పరివృత్త కేంద్రం. కర్ణం పొడవు 5.

ఈ 3, 4, 5 మనకు కొత్తవి కావు. పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తుపెట్టి, ఐమూలగా 5 అడుగులు వస్తేనే మూల సరిగా ఉందంటాడు. మన తండ్రులు పని చేసే చోట ఉన్న లెక్కే పుస్తకంలోనూ ఉంది. 1637లో ఫ్రాన్సు పండితుడు డెకార్ట్ బొమ్మను, సమీకరణాన్ని కలిపి చూపాడు. బొమ్మను వదిలి సూత్రాన్ని బట్టీ పడితే అది సగం చదువే.

మరొకటి. (1, 2) గుండా పోతూ 2ఎక్స్ + 3వై = 5 కు లంబంగా ఉండే రేఖ ఏది? ఇచ్చిన రేఖ వాలు -2/3, లంబరేఖ వాలు 3/2. ఆ వాలు ఉన్న ఆప్షన్లలో (1, 2)ను ప్రతిక్షేపిస్తే 3ఎక్స్ - 2వై + 1 = 0 నిలుస్తుంది. అయితే నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు. వాళ్ల లబ్ధం -1 అనే సూత్రం అక్కడ పనిచేయదు. ఈ సంగతి బొమ్మ గీసినవాడికి వెంటనే తెలుస్తుంది. తప్పుకు ఒక మార్కు కోసే జేఈఈ మెయిన్‌లో ఇది చిన్న విషయం కాదు.

కాజీపేట దారిలోని ఎన్.ఐ.టి. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైంది. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. ప్రవేశ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. ఆ గేటు ముందు బస్సులో పోవడమేనా మన వంతు?

అందుకే మా కోరిక. వారానికి ఒక్క స్టడీ అవర్ నల్లబోర్డు మీద బొమ్మలకు కేటాయించండి. పూర్వ విద్యార్థులారా, ఆదివారాలు వంతులవారీగా రండి. తమ్ముళ్లారా, షార్ట్‌కట్ల పుస్తకం కొనే ముందు రెండు అక్షాలు గీయండి.