సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండి

ముంబై రోడ్ల మీద నుంచి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు ఆఖరున సెలవు తీసుకున్నాయి. అయినా పెద్దల నాటి కారును దాచుకున్న ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఈసారి ముచ్చట వారి కోసం.

1996లో నాన్నగారి పద్మిని నా చేతికొచ్చింది. రోడ్డు మీద చక్కగా పరుగెత్తేది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశానో, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. వెనక బస్సువాడి హారను, పక్కన అమ్మ సణుగుడు! ఒక మెకానిక్ స్క్రూ బిగించి ఇంజను వేగం పెంచాడు. ఆగడం తగ్గింది గాని, నిలబడ్డచోటే రొద, పెట్రోలు ఖర్చు. నాన్నగారు చూసి, "కడుపునొప్పికి తలకు మందు రాశాడ్రా" అన్నారు.

సంగతేమిటంటే, కార్బురేటర్లో థ్రాటిల్ అనే రేకు తలుపు ఉంటుంది. కాలు తీయగానే అది దాదాపు మూసుకుంటుంది. గాలి ఉరవడి తగ్గి పెద్ద జెట్ నుంచి పెట్రోలు రాదు. అయితే తలుపుకు దిగువన ఇంజను పీల్పు బలంగా ఉంటుంది. ఆ పీల్పుకు ఐడ్లింగ్ జెట్ గుండా కాస్త పెట్రోలు, గాలితో కలిసి, తలుపు దిగువనున్న సన్న బెజ్జం నుంచి వస్తుంది. నిలబడ్డ ఇంజనుకు అదే గంజి. తలుపు ఎంత ఓరగా ఉండాలో ఒక స్క్రూ, ఆ మిశ్రమం ఎంత రావాలో మొన తేలిన మరో స్క్రూ చూస్తాయి. ఇప్పటి కార్లలో ఈ పనంతా కంప్యూటరుదే.

మా బండిలో ఆ జెట్‌కు నలక అడ్డుపడింది. నాన్నగారు దాన్ని విప్పి పెట్రోల్లో కడిగి, పంపుతో గాలి కొట్టించారు. తీగ మాత్రం దూర్చనివ్వలేదు, బెజ్జం పెద్దదైపోతుందని. ఇంజను వేడెక్కాక మిశ్రమం స్క్రూను మెల్లగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చారు. బలంగా బిగిస్తే మొన చెడుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు అటూ ఇటూ.

అప్పటికి ఆయనకు చెవులు సరిగా వినిపించవు. మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, అదురు తగ్గినచోట "చాలు" అన్నారు. తరవాత థ్రాటిల్ స్క్రూ వదులు చేసి వేగం దించారు.

మర్నాడు దాదర్ సిగ్నల్ దగ్గర బండి నిలిపాను. అమ్మ ఒక్క క్షణం చూసి, "ఏరా, మళ్లీ ఆగిపోయిందా?" అంది.