బండి సరే, పొలం ఎవరిది?

ఫుడ్ ట్రక్ పెట్టుకుని లోకల్, ఆర్గానిక్ ఫుడ్ అమ్ముకోవచ్చన్న మాట హైదరాబాద్ స్టార్టప్ సభలు దాటి మండల కేంద్రాలకూ వచ్చింది. కల్లూరు, సత్తుపల్లి వైపు డిగ్రీలు, పీజీలు చేసి ఇంటి దగ్గరే ఉంటున్న మాల, మాదిగ పిల్లలకు ఇది చెవికి ఇంపుగానే ఉంటుంది. పెట్టుబడి తక్కువ, షాపు అద్దె లేదు, వంట మన అమ్మలకు వచ్చిందే. మేమూ ఈ ఆలోచనకు వ్యతిరేకులం కాము. కానీ ఈ ముక్కలో మూడు మాటలున్నాయి: బండి, లోకల్, ఆర్గానిక్. ఇందులో ప్రభుత్వం డబ్బిచ్చేది మొదటిదానికే.

పథకాల చరిత్ర చూడండి. 2021 ఆగస్టులో దళితబంధు మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు అప్పుతో పనిలేదు. మన ఖమ్మం జిల్లాలోనే చింతకాని మండలాన్ని మొత్తంగా పథకంలోకి తీసుకున్నారు. కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా బండ్లు చాలా వచ్చాయి. బండి వెంటనే కంటికి కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది, అధికారికి లెక్క తేలుతుంది. 2023 ఆగస్టులో చేవెళ్ల డిక్లరేషన్‌లో కాంగ్రెస్ ఆ 10 లక్షలను 12 లక్షలు చేస్తామంది. అధికారంలోకి వచ్చాక 2025 మార్చిలో ప్రకటించింది మాత్రం రాజీవ్ యువ వికాసం. గరిష్ఠంగా 4 లక్షల యూనిట్, అందులో 70 శాతం సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు. జూన్ 2న ఇస్తామన్న మంజూరు పత్రాలు వాయిదా పడ్డాయి. పన్నెండు లక్షల మాట నాలుగు లక్షలైంది, దళితబంధు పక్కన పెట్టించిన బ్యాంకు గడప మళ్లీ ఎదురొచ్చింది. ఫుడ్ ట్రక్ కలగనే పిల్లలు ముందు ఈ తేడాను లెక్కగట్టుకోవాలి.

సరే, బండి వచ్చిందనుకుందాం. ఎక్కడ ఆపాలి? 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణాలకే వర్తిస్తుంది. కల్లూరు పంచాయతీగా ఉన్నన్నాళ్లు దాని రక్షణ మనకు లేదు. ఇప్పుడు కల్లూరు మున్సిపాలిటీ అయింది. అంటే ఇక్కడ టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, వ్యాపారుల సర్వే చేయాలి, సర్వే పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో ఎస్సీలకు తగిన స్థానం ఉండాలి. ఇది దయ కాదు, చట్టంలో ఉన్న మాట. 2024 జనవరిలో హైదరాబాద్‌లో కుమారి ఆంటీ బండిని ట్రాఫిక్ పోలీసులు ఆపిస్తే ముఖ్యమంత్రి కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆమెకు యూట్యూబ్ ఉంది. కల్లూరు సెంటర్‌లో బండి పెట్టుకున్న మాదిగ అమ్మాయి కోసం ఏ ముఖ్యమంత్రీ ఫోన్ చేయడు, ఆమెకు అక్కరకొచ్చేది కమిటీ ఇచ్చే సర్టిఫికెట్టే. ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే మీద ఆశపెట్టుకునేవాళ్లకూ ఒక మాట: అది యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్డు, పాత రోడ్ల మాదిరి పక్కన బండి ఆపి ఇడ్లీ అమ్మే రోడ్డు కాదు.

చోటు దొరికితే తినేవాళ్లు వస్తారా? రాజుగారి పులావ్, రెడ్డి మెస్, బ్రాహ్మణ భోజనం అని బోర్డులు మనకు కొత్త కాదు. అక్కడ కులం పేరు రుచికి హామీ. మాదిగ మెస్ అని బోర్డు ఎందుకు లేదో ఎవరూ అడగరు. రాజ్యాంగం 15(2) అధికరణ హోటళ్లలోకి మన ప్రవేశాన్ని ఎవరూ అడ్డుకోకూడదంది. తినడానికి వెళ్లే హక్కు అలా వచ్చింది. వండిపెట్టేవాళ్లుగా మనల్ని ఒప్పుకోవడం ఇంకా రాలేదు. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ తర్వాత కూడా దళిత మహిళ వండిందని పిల్లల్ని తిననివ్వని ఘటనలు దేశంలో ఎన్నో బయటపడ్డాయి. బడిలో ఉచితంగా పెట్టే అన్నానికే అలా ఉంటే, డబ్బిచ్చి కొనే ప్లేటు సంగతి చెప్పాలా? అందరూ అందరికీ తెలిసిన కల్లూరు లాంటి ఊళ్లో పేరు మార్చుకుని బతకడమూ కుదరదు.

'లోకల్' అన్న మాట దగ్గర ఇంకో మెలిక ఉంది. ఏది లోకల్? సాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు ఇక్కడి కంచాల్లో ఉన్నది జొన్న. చింతచిగురు, పొన్నగంటి, ఎండుచేపలు, వాగులో పీతలు, ఎండబెట్టిన తునకలు వాడ వంట. ఏజెన్సీ వైపు వెళ్తే కోయల ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు. లోకల్ ఫుడ్ పేరుతో నగరాల్లో అమ్ముడయ్యేది ఇందులోంచి ఏరి, కడిగి, కులం వాసన పోగొట్టిన భాగమే. జొన్నరొట్టె మెనూలోకి వస్తుంది, తునకల కూర రాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో ఒక్కరోజు బీఫ్ ఫెస్టివల్ పెడితేనే దాడి జరిగింది. రోజూ రోడ్డు మీద నిలబడే బండికి అంతకన్నా భద్రత కావాలి.

ఇక ఆర్గానిక్. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నేషనల్ ప్రోగ్రామ్ ఫర్ ఆర్గానిక్ ప్రొడక్షన్ ప్రకారం ఏటా వేసే పంటలకు రెండేళ్లు, మామిడి లాంటి తోటలకు మూడేళ్లు ఆ నేలలో రసాయనాలు ఆపితేనే సర్టిఫికెట్. అంటే అదే చెక్క అన్నేళ్లూ మన చేతిలో ఉండాలి. కల్లూరు చుట్టుపక్కల మన వాళ్లకు ఉన్నదెంత? ఎక్కువమందిది కూలి, లేదంటే నోటిమాట మీద ఏడాది కౌలు. ఈ ఏడాది పేడ, జీవామృతం పోసి బాగుచేసిన నేలను వచ్చే ఏడాది ఆసామి వెనక్కి తీసుకుంటే సర్టిఫికెట్ ఎవరికి వస్తుంది? 2014 ఆగస్టు 15న గోల్కొండ కోటలో మొదలుపెట్టిన మూడెకరాల పథకం కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. 2018లో వచ్చిన రైతుబంధు కౌలురైతును రైతుగానే లెక్కపెట్టలేదు. సేంద్రియం అనే మాట నేల ఉన్నవాడికి పెట్టుబడి, మనకు షరతు.

జహీరాబాద్ ప్రాంతాన్ని అందుకే గుర్తుచేస్తున్నాం. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఎక్కువగా దళిత మహిళలే ఉన్న సంఘాలు ముందు బీడు భూముల్ని సాగులోకి తెచ్చాయి. తర్వాత విత్తనం, ఆ తర్వాత ధాన్యం. ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఏటా ఊరూరా తిరిగింది. జహీరాబాద్‌లో చిరుధాన్యాల వంటలు పెట్టే హోటల్ వచ్చింది ఇదంతా జరిగాకే. ఆ సంస్థ గురించి మాకు ప్రశ్నలున్నాయి, పేరు సంస్థకూ శ్రమ ఆడవాళ్లకూ దక్కే పద్ధతి గురించి కూడా. అయినా అక్కడ ప్లేటు వెనక పొలం ఉంది. మన పథకాల్లో ముందు బండి వస్తుంది, పొలం ఊసే ఉండదు.

అలాగని నలభై ఏళ్లు ఆగమని కల్లూరు పిల్లలకు చెప్పలేం. 2017 నాటి ఆర్గానిక్ ఫుడ్ నిబంధనల్లో ఒక సందు ఉంది. తాను పండించింది తానే తినేవాళ్లకు అమ్మే చిన్న రైతుకు, చిన్న ఉత్పత్తిదారుల సంఘానికి ఏడాది టర్నోవర్ 12 లక్షలు దాటకపోతే సర్టిఫికెట్ అక్కర్లేదు. జైవిక్ భారత్ లోగో మాత్రం వాడకూడదు. బండిని ఒక్కడి పేరు మీద కాకుండా కౌలు చేసే అయిదారు దళిత కుటుంబాల సంఘం పేరు మీద అడగడంలో అర్థం అక్కడుంది. ఎస్సీ కార్పొరేషన్ యూనిట్ అంటే వాహనం ధర ఒక్కటే కాదనీ, మూడేళ్ల రాతపూర్వక కౌలుకయ్యే ఖర్చూ అందులోకే రావాలనీ పట్టుబట్టాలి. కొత్త మున్సిపాలిటీలో వెండింగ్ జోన్లు గీసేటప్పుడే వాడవాళ్లు ఆ గదిలో ఉండాలి. సత్తుపల్లి ఎస్సీ రిజర్వుడ్ సీటు, కల్లూరు అందులోదే. వెండింగ్ కమిటీ ఎప్పుడు వేస్తారు, అందులో మనవాళ్లెందరు అని మున్సిపల్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు. బండి కొనడానికి ముందే ఆ పని చేయొచ్చు.