ముందు వరస సోఫాలు

చందా పుస్తకం చంకలో పెట్టుకుని నడిచే మనిషిని చూస్తే ఊళ్ళో మర్యాదస్థులందరికీ ఒక్కసారే ఎక్కడలేని పనీ తగులుతుంది. నేను కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. మూడేళ్ళుగా మా ఊరి కళాసమితికి ‘జనసంబంధాలు’ చూస్తున్నాను. అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. కళకూ జనానికీ సంబంధం కుదర్చటమని చెప్పాను. “పెళ్ళిళ్ళ పేరయ్య పనన్నమాట” అంది. పేరయ్యకైతే సంభావన ముడుతుంది, అంతే తేడా.

మా సమితికి లేనిది కళ కాదు, జనం. (డబ్బు ఎప్పుడూ లేదనుకోండి, అది వేరే మాట.) మూడు వందల కుర్చీలు వేస్తే నలభై నిండేవి. అందులోనూ సగం మంది నటీనటుల బంధువులు. సినిమాలూ, టీవీలూ, ఇప్పుడీ సెల్‌ఫోన్లూ కలిసి కళను చంపేశాయని మా అధ్యక్షులవారు ప్రతి సభలోనూ నలభై నిమిషాలు వాపోయేవారు. ఆ నలభై నిమిషాలను కూడా హంతకుల జాబితాలో చేర్చాలని నాకు తోచేది.

కరపత్రాలు పక్కనపెట్టి, రానివాళ్ళు ఎందుకు రావటం లేదో అడుగుతూ వీధులు తిరిగాను. జాకెట్లు కుట్టే ఒకావిడ మిషను ఆపకుండానే చెప్పింది: “టిక్కెట్టు లేదని తెలుసండీ మాస్టారూ. ముందు రెండు వరసల సోఫాలూ ఎవరికో అట్టేపెడతారు. వాళ్ళు రాకపోయినా మమ్మల్ని కూర్చోనివ్వరు. పోయినసారి మా వాడు కూర్చుంటే రెక్క పట్టుకుని లేపేశారు. ఇంక రానంటున్నాడు.”

టిక్కెట్టు తీసేస్తే గుమ్మం తెరిచినట్టేనని కళాసమితులన్నీ అనుకుంటాయి. ఆ గుమ్మంలో సోఫా అడ్డంగా ఉంటుంది.

పూర్వం తోలుబొమ్మలాట ఊళ్ళోకి వస్తే ఆహ్వానితులంటూ ఎవరూ ఉండేవారు కారు. ఒకరు దీపాలకు ఆముదం పోసేవారు, ఒకరు పందిట్లోకి గుంజలు ఇచ్చేవారు, ఇంకొకరు ఆటగాళ్ళకు బియ్యం కొలిచేవారు. భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారేదాకా ఆట. మన ఇంటి ఆముదం తెరమీద రాముణ్ణి వెలిగిస్తూంటే, కేతిగాడూ బంగారక్కా పోట్లాడుకుంటూంటే, ఇంట్లో పడుకోవటం ఎవరితరం? సురభి నాటకాలు పుట్టింది కూడా ఇలాంటి చోటే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్ళి సందర్భాన, వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడించారంటారు. ఆ కుటుంబాలవారు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించినవారే. పెళ్ళికి వచ్చిన జనానికి సోఫా ఎవరిదన్న పేచీ ఉండదు గదా.

గత సంక్రాంతికి తోలుబొమ్మలవారినే పిలుద్దామన్నాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా నిలిచి ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఆ విద్య నేర్చిన చేతులు ఇప్పుడు బొమ్మలతోపాటు దీపాలకు తోలు తొడుగులు కూడా చేస్తున్నాయి. రావణుడికి రంగులు దిద్దిన చెయ్యి పట్నంలో ఎవరి డ్రాయింగురూము దీపానికో పువ్వులు దిద్దుతోంది. తప్పు పట్టలేం, పువ్వులకు గిరాకీ ఉంది.

మేము పిలిచిన బృందంలోని పెద్దాయన ఫోనులో డబ్బు సంగతి ఎత్తలేదు. “జనం ఉంటారా సామీ?” అన్నాడు. “పోయినూర్లో ఫోటోలు తీసుకోని, అరగంటకే చాలించమన్నారు.”

ఆ మాట పట్టుకుని కార్యవర్గంలో రెండు షరతులు పెట్టాను. సోఫాలు వద్దు. శాలువాలూ ఉపన్యాసాలూ ఆట ముగిశాకే. దాంతో కురుక్షేత్రం మొదలైంది. దాతలు నొచ్చుకుంటారని కోశాధికారిగారు అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. మైకుకూ పందిరికీ డబ్బిచ్చేది వారే, రేపు మళ్ళీ వారి గుమ్మమే ఎక్కాలి. చివరకు నేలమీద జంపఖానాలు పరిచి, నడుంనొప్పి ఉన్నవారికి వెనక కుర్చీలు వెయ్యటానికి రాజీ కుదిరింది. ఆ సాయంత్రానికి మా ఊళ్ళో నడుంనొప్పి బాగా ప్రబలింది.

తరవాత పదిహేను రోజులు చందా పుస్తకం ఇంట్లో పడేసి, పనులు అప్పగిస్తూ తిరిగాను. జాకెట్లు కుట్టే ఆవిడ తెరకు తెల్లబట్ట కలిపి కుట్టింది. ఆటోవాళ్ళు రైలుస్టేషను నుంచి బొమ్మల పెట్టెలు తెచ్చారు. నా విద్యార్థులు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు చూసిన ఆటల కబుర్లు రాసుకొచ్చారు. అవి చెప్పిన ముసలివాళ్ళు ఆటనాడు అందరికంటే ముందే వచ్చి, జంపఖానాల మీద చోటు చూసుకున్నారు. కుట్టుపని ఆవిడ కొడుకు తెరకు జానెడు దూరంలో కూర్చుని, ఆ కుట్టు తమ అమ్మదేనని పక్కవాళ్ళందరికీ చూపించాడు. పన్నెండు దాటినా సగం మంది కదల్లేదు. పెద్దాయనకు గొంతు పోయింది, అయినా చాలించమని ఎవరూ అనలేదు.

దాతల్లో ఒకరు పదింటికే లేచిపోయారు. వచ్చే ఏడు చందా సంగతి ఆలోచించి చెబుతామన్నారు. కోశాధికారిగారి లెక్క ప్రకారం పద్దెనిమిది వందల రూపాయలు లోటు తేలింది. జంపఖానాలవాడు మాత్రం మూడింటికి అద్దె వదిలేశాడు. వాటిమీద పడి నిద్రపోయింది వాడి పిల్లలేనట.