పండుగ రాత్రికి ఒక మంచి బొమ్మ



డిసెంబరు వచ్చిందంటే మా మల్కాపురంలో ఇంటింటా ఒకే లెక్క మొదలవుతుంది. పిల్లల బట్టలకెంత? ఇంటికి సున్నానికెంత? కేకుకెంత? ఊరినుండి వచ్చే చుట్టాలకెంత? మాది షిప్‌యార్డు, రిఫైనరీల ప్రక్కన పెరిగిన పేట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుండి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. కాంట్రాక్టు పని మీద బ్రతికేవారు ఎందరో. లెక్క తేలకపోతే చివరికి చేసేది అప్పు. ఇంటిముందు కట్టిన నక్షత్రాన్ని జనవరిలో దించేస్తాము. ఆ అప్పు మాత్రం ఈస్టరు వరకూ దిగదు.

అందుచేత ఈ నెల ఖర్చు లేని ఒక సంతోషాన్ని గురించి వ్రాస్తున్నాను. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని ఒక మంచి పాత సినిమా చూడండి. "పాస్టరుగారే సినిమాలు చూడమంటున్నారేమిటి?" అని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. కొంచెం ఓర్చుకుని చివరివరకూ చదవండి.

నా చిన్నతనంలో మా వీధిలో క్రిస్మస్‌కు తలా కొంత చందా వేసుకుని టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవారు. వీధిలో చాపలు పరచి, పిల్లలందరం ముందు కూర్చునేవాళ్లం. అప్పుడు తప్పకుండా వేసే బొమ్మ "కరుణామయుడు". 1978 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రానిదీ నాదీ ఇంచుమించు ఒకే వయసు. విజయచందర్ గారు యేసుప్రభువు పాత్ర ధరించారు. దర్శకులు ఎ. భీంసింగ్ గారు ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు, విడుదలను చూడలేదు. మోదుకూరి జాన్సన్ గారి పాటలు ఇప్పటికీ మన గుడులలో, ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. "దయాసాగర్" పేరుతో హిందీలోకి వెళ్లిన ఈ చిత్రాన్ని సువార్తికులు ప్రొజెక్టరు మోసుకుని పల్లె పల్లెకూ తిరిగి చూపించారు. పిల్లలతో చూడటానికి మొదట దీనినే ఎంచుకోండి. సిలువ దృశ్యాలలో మాత్రం చిన్నవారిని ఒడిలో కూర్చోబెట్టుకోండి.

రెండవది 1979లో వచ్చిన "జీసస్". లూకా సువార్త వరుసలోనే నడుస్తుంది. రెండు వేలకు పైగా భాషలలోకి మారిన చిత్రమిది. తెలుగులో కూడా ఉంది. తీసినవారే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. చూసే ముందు లూకా 2వ అధ్యాయం పిల్లలచేత చదివించండి. తెరమీద ఏది వచ్చింది, ఏది రాలేదు అని వారినే అడగండి.

మూడవది "బెన్‌హర్" (1959). 11 ఆస్కారులు పొందిన ఈ చిత్రం ప్రభువు జననంతో మొదలై సిలువతో ముగుస్తుంది. ఇందులో ప్రభువు ముఖాన్ని ఒక్కసారి కూడా చూపరు. నజరేతులో దాహంతో పడిపోయిన బానిసకు ఆయన నీళ్లిస్తారు. ఏళ్ల తరువాత సిలువ మోస్తున్న ఆయనకు ఆ బానిసే నీళ్లివ్వబోతాడు. ఆ ఒక్క ముక్క చాలు, రాత్రంతా మాట్లాడుకోవచ్చు. "టెన్ కమాండ్‌మెంట్స్" (1956) కూడా పెద్ద చిత్రమే, 3 గంటల 40 నిమిషాలు. ఇలాంటివి రెండు సాయంత్రాలు చూడండి. ఇంగ్లీషు తెలిసిన పిల్ల తాతకూ నాయనమ్మకూ కథ చెబుతూ ఉంటే, ఆ పిల్లకూ గౌరవం, పెద్దలకూ ఆనందం.

మన తెలుగులోనే "మిస్సమ్మ" (1955) ఉంది. అందులో మేరీ తనవారు డేవిడ్‌కు పడిన బాకీ తీర్చడానికే లేని పెళ్లిని ఉన్నట్లు చెప్పి ఉద్యోగంలో చేరుతుంది. ఎంత నవ్వించినా, అప్పు మనిషిచేత ఎలా అబద్ధమాడిస్తుందో ఆ కథ చెబుతుంది.

అప్పు మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మా సంఘంలో ఒక సహోదరుని ఇంటికి వెళ్లాను. ఆయనకు పని పోయి రెండు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని షిఫ్టు వేళకే బయలుదేరేవాడు. పండుగ బట్టలకు వడ్డీకి తెచ్చాడు. నన్ను సందు చివరివరకూ సాగనంపుతూ, "అయ్యగారూ, నేను లేకపోతేనే వీళ్లకు మేలేమో" అన్నాడు. నేను ఆ మాటను దాటిపోలేదు. వెనక్కి తీసుకువచ్చి, ఆయన భార్య ఎదుట కూర్చోబెట్టి ఒక సినిమా కథ చెప్పాను.

అది 1946లో అమెరికాలో తీసిన "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్". జార్జి అనే మంచివాడు. అతని బాబాయి చేతిలో 8,000 డాలర్లు పోయాయి. నింద తనమీదికి వస్తుంది. క్రిస్మస్ ముందు రాత్రి, తాను చస్తేనే విలువ అనుకుని వంతెన మీదికి వెళ్తాడు. అప్పుడు ఒక దేవదూత అతడు పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు. మంచులో మునిగిపోయే తమ్ముణ్ణి కాపాడేవాడు ఉండడు. పేదలకు ఇళ్లు ఉండవు. జార్జి పరుగున ఇంటికి వస్తే, అప్పటికే అతని భార్య ఊరందరికీ చెప్పి ఉంటుంది. తలా కొంత తెచ్చి బల్ల నింపేస్తారు.

కథ అయ్యాక ఆ సోదరి భర్తవైపు చూసి, "రెండు నెలలూ క్యారేజీ కట్టాను గదా, ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని ఏడ్చింది. మా బల్ల మీద డబ్బు కురవలేదు. ఒక కాగితం మీద అప్పులన్నీ వ్రాశాము. సంఘపెద్దలిద్దరు వెళ్లి వడ్డీవ్యాపారి దగ్గర గడువు అడిగారు. మూడవ నెలలో ఆయనకు వేరేచోట పని దొరికింది. ఇలాంటి మాట మీ ఇంట్లో ఎవరి నోట విన్నా తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకండి. నమ్మదగిన పెద్దలకు, వైద్యునికి వెంటనే చెప్పండి.

ఆ చిత్రం చరిత్ర కూడా విచిత్రమే. విడుదలైనప్పుడు పెట్టుబడి రాలేదు. 1974లో దాని హక్కును మళ్లీ నమోదు చేయించడం మరచారు. రుసుము లేదు గనుక టీవీవారు ప్రతి డిసెంబరులోనూ వేశారు. అలా అది ఇంటింటి పండుగ బొమ్మ అయింది. 1990లలో మళ్లీ హక్కుదారుల చేతికి వెళ్లింది. చవకగా దొరికిందే ప్రియమైనదైంది!

ఒక హెచ్చరిక. చవక అంటే దొంగసరుకు కాదు. ఎవరో దొంగతనంగా ఎక్కించిన కాపీని గుడి గోడమీద వేసి ప్రభువును స్తుతించలేము. తీసినవారు స్వయంగా ఉంచినదే చూడండి, లేదా అనుమతి అడగండి.

ఇప్పుడు అద్దె డెక్కు అక్కర్లేదు, బొమ్మ ప్రతి జేబులోనూ ఉంది. కష్టమల్లా అందరినీ ఒకచోట కూర్చోబెట్టడమే. తండ్రి ఫోను తండ్రిది, కొడుకు ఫోను కొడుకుది అయిపోయింది. కాబట్టి ఆ రాత్రి ఒక్క తెర ఉంచి, మిగిలినవి బియ్యం డబ్బామీద పెట్టేయండి. జంతికలు, వేరుశెనగకాయలు మధ్యలో పెట్టుకోండి. బొమ్మ అయ్యాక దీపం వెంటనే ఆర్పకండి. "ఈ సంవత్సరం నీకు బరువైన సంగతి ఏమిటి?" అని ఒకరినొకరు అడగండి. ఇంటాయన ముందుగా చెప్పాలి.

ఆ మాటలు విన్న తరువాత కలిసి మోకరించండి. దేవుడు మీ ఇంటిని దీవించును గాక.

మీ సహోదరుడు,
మల్కాపురం