పరుగెత్తే పిల్లకి ఆరు వారాలు

మా మెట్ట ఊళ్లల్లో తెల్లారుజామున పరుగెత్తే పిల్లల్లో చాలామంది ఉద్యోగం కోసమే పరుగెత్తుతారండీ. నందిగామలో చూసినా, జగ్గయ్యపేటలో చూసినా అంతే. (2022లో ఎన్టీఆర్ జిల్లా అన్నారు గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లాయే.) కానిస్టేబుల్ సెలెక్షన్‌లో 1600 మీటర్లు మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. అక్కడ తప్పితే అంతే సంగతులు. అందుకే కాలు నొప్పి అని పిల్లలు ఇంట్లో చెప్పరు. చెప్పినా పెద్దవాళ్లు వినరు. ఈ వినకపోవడం గురించే ఇవాళ రాస్తున్నాను.

6,100 పోస్టులకి నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయింది. పరుగు పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. దాదాపు రెండేళ్లు! అన్నాళ్లు రోజూ ఎవరు పరుగెత్తుతారు చెప్పండి? ఒకరు పొలం పనికి, ఒకరు కొట్లో పనికి పోయారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయని తెలియగానే అందరూ ఒక్కసారి గ్రౌండు మీద పడ్డారు. ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది. ఎముకలకీ, కండని ఎముకకి కట్టే టెండన్లకీ నెలలు కావాలి. పిల్లకి ఆయాసం తగ్గింది కదా అని రౌండ్లు పెంచుతుంది. పాదం ఇంకా సిద్ధం కాదు. దెబ్బలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుంటే, అరికాలి కింద పట్టీలా ఉండే ప్లాంటార్ ఫేషియా ఒత్తిడికి గురైందన్నమాట. పరుగు తగ్గించి, పిక్కలు సాగదీసే వ్యాయామం చేయాలి. గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగకూడదు. మడమ వెనక తాడులాంటి అకిలిస్ టెండన్ బిగుసుకుని నొప్పెడితే దానికీ పరుగు తగ్గించాల్సిందే.

గుంటలో కాలు పడి చీలమండ బెణికితే గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం వద్దు, నూనె రాసి గుంజడం అసలే వద్దు. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా నాటు కట్టుకి పరుగెత్తకుండా ముందు ఎక్స్‌రే తీయించండి.

అన్నిటికంటే మోసం చేసేది స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముకలో సన్నటి చీలిక. 1855లోనే ప్రష్యా సైన్యంలో ఒక డాక్టరు, నడిచి నడిచి పాదాలు వాచిన సైనికుల గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనే లేదు. ఇప్పుడు ఎక్స్‌రే ఉన్నా మొదటి రెండు మూడు వారాలు అందులో ఈ చీలిక కనిపించకపోవచ్చు. ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి. ఇదీ గుర్తు.

మా ఆడపడుచు కూతురికి వచ్చింది ఇదే. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదనేసరికి "భయపడి నాటకాలాడుతోంది" అన్నారు. మూడు వారాల తర్వాత గీత కనిపించింది. ఆరు వారాలు పరుగు బంద్ అన్నాడు డాక్టరు. మూడో రోజు నుంచే "ఎలాగూ ఖాళీయేగా" అంటూ ఇల్లు ఊడవడం, నీళ్లు మోయడం, పత్తి తీసేవాళ్లకి పొలం దాకా క్యారేజీ ఇచ్చి రావడం. రెండో వారంలో పెళ్లి సంబంధం! అదే ఇంట్లో వాళ్లబ్బాయికి క్రికెట్లో కాలు బెణికితే పది రోజులు కాఫీ మంచం దగ్గరికే వెళ్లింది. ఆ పిల్ల కాలు వేళకి మానలేదు. పరుగు పరీక్షకి వెళ్లలేకపోయింది. ఇప్పుడు వచ్చే నోటిఫికేషన్ కోసం చూస్తోంది.

"నొప్పి ఓర్చుకోలేనిది పోలీసెలా అవుతుంది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. కుంటే ఎద్దుకి కాడి కట్టేవాళ్లా మన తాతలు? పశువుకిచ్చిన ఆ నాలుగు రోజులు పిల్లకి ఎందుకివ్వం?

తిండి సంగతీ చెప్పాలి. ఆఖర్న మిగిలింది తిని పరుగెత్తే పిల్ల ఎముక ఎలా గట్టిపడుతుంది? గుడ్డు, పాలు, రాగులు, నువ్వులు ముందు ఆమె కంచంలో పడాలి. నెలసరి తప్పుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి. ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి అదొక హెచ్చరిక.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కానీ పరుగు మానకుండా వారానికి మూడు రోజులైనా కొనసాగించడం, తారు రోడ్డు కంటే మట్టి గ్రౌండు చూసుకోవడం, అరిగిన బూట్లు మార్చడం, దూరం కొంచెం కొంచెంగా పెంచడం మన చేతిలోవే. డాక్టరు చీటీలో "రెస్ట్" అని రాస్తే అది ఇంటిల్లిపాదికీ రాసిన మందు అనుకోండి. ఆ ఆరు వారాలు చీపురు ఇంకొకరు పట్టుకోండి, సంబంధాల మాట పక్కన పెట్టండి. పిల్ల కాలు మానితే, పరుగు సంగతి తనే చూసుకుంటుంది.