యోగాభ్యాసం – తొలి మెట్టు

"సార్, నేను కూడా చేయవచ్చునా?"

గత సంవత్సరం జూన్ 21వ తేదీ ఉదయం ఒక విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న ఇది. మైదానంలో జంపఖానాలు పరచి ఉన్నాయి. తోటివారు వరుసలు తీరి కూర్చున్నారు. అతడు మాత్రం వేపచెట్టు క్రింద నిలబడి చూస్తున్నాడు. ఆ ప్రశ్నలో "నాకు చేతనవునా" అన్న సందేహం కంటె "నాకు తగునా" అన్న సంకోచమే ఎక్కువగా ధ్వనించింది. "రా, కూర్చో" అని మాత్రమే అన్నాను. అతడు రాలేదు. రెండు మాటలతో తేలిపోయే ప్రశ్న కాదది. ఆనాడు ఈయలేకపోయిన సమాధానాన్ని ఈ వ్యాసరూపంలో విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాను.

యోగమనగానే మన కన్నుల ముందు శరీరాన్ని ముడులు వేసుకున్న మనిషి రూపం మెదులుతుంది. ఇది అపోహ. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195. వాటిలో ఆసనాన్ని గురించి చెప్పినవి మూడు మాత్రమే. ఆసనం స్థిరంగాను, సుఖంగాను ఉండాలన్నదే ఆయన కోరిన నియమం. ఆసనం ఎనిమిది అంగాలలో మూడవది. అహింస, సత్యం, శుచి, సంతోషం వంటివి దానికి ముందే వస్తాయి. వీటిని కాదనే మతం ఏదైనా ఉన్నదా?

యోగం ఈ దేశంలో, ఈ దేశపు తత్త్వచింతనలో పుట్టింది. ఆ మాటను దాచవలసిన అవసరం లేదు. కాని పుట్టినచోటనే అది నిలిచిపోలేదు. పదకొండవ శతాబ్దిలో అల్‌బిరూనీ మహాపండితుడు పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీ భాషలోనికి తెచ్చాడు. పదహారవ శతాబ్దిలో షత్తారీ సూఫీ అయిన ముహమ్మద్ గౌస్ గ్వాలియరీ యోగసాధనను వివరిస్తూ పారశీకంలో "బహ్రుల్ హయాత్" అనే గ్రంథాన్ని రచించాడు. 1600–1604 మధ్య అలహాబాదులో సలీం రాకుమారుని కొరకు సిద్ధమైన దాని సచిత్ర ప్రతిలో 21 ఆసనాల చిత్రాలు కలవు. ఆ ప్రతి నేడు డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. ఇటీవలి కాలానికి వస్తే, 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితిలో యోగదినోత్సవ తీర్మానాన్ని బలపరచిన 177 దేశాలలో ముస్లిం దేశాలు అనేకం ఉన్నాయి. సౌదీ అరేబియా 2017లో యోగాను క్రీడగా గుర్తించింది. అక్కడ యోగా నేర్పిన నౌఫ్ మర్వాయీ అనే మహిళకు మన ప్రభుత్వం 2018లో పద్మశ్రీ బిరుదునిచ్చింది. ఇందరు అడిగి తేల్చుకున్న ప్రశ్ననే మా విద్యార్థి వేపచెట్టు క్రింద నిలబడి అడిగాడు.

అయితే అతని సంకోచాన్ని తేలికగా కొట్టివేయడం కూడా న్యాయం కాదు. మంత్రోచ్చారణ, సూర్యనమస్కారాలు కొందరి విశ్వాసానికి ఇబ్బంది కలిగించవచ్చును. అవి లేకుండానే ఆసనాలు, శ్వాసాభ్యాసం చేయవచ్చును. చేయించేవారు ఈ సంగతి ముందుగా చెప్పాలి. నమాజులో మోకాళ్ళు మడిచి కూర్చునే భంగిమకూ వజ్రాసనానికీ పైచూపుకు దగ్గరి పోలిక ఉన్నది. ఆ పోలిక శరీరం వరకే. నమాజు ఆరాధన; దానిని వ్యాయామంగా లెక్కించరాదు. కాని దినానికి ఐదుమార్లు అట్లా కూర్చోవడం అలవాటైన మోకాళ్ళకు వజ్రాసనం కొత్త కాదన్నంత వరకు చెప్పవచ్చును.

ఇక ప్రారంభించడమెట్లా? ఎట్లా ప్రారంభించకూడదో మొదట నా అనుభవం చెబుతాను. యౌవనంలో ఒక పుస్తకంలోని బొమ్మలు చూసి, రఘునాథపల్లిలోని మా ఇంటి వెనుక గదిలో మొదటి రోజే శీర్షాసనానికి పూనుకున్నాను. గోడకు కాళ్ళు ఆనించానో లేదో మెడ పట్టివేసింది. పది దినాలు తల ప్రక్కకు తిప్పలేకపోయాను. మా అమ్మ వేడి నూనె రాస్తూ "ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట" అని మందలించింది. ప్రారంభకులకు అంతకంటె మంచి పాఠం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

కనుక ఉట్టి వద్దనే ఆరంభించండి. తెల్లవారుజామున పరగడుపున, లేదా భోజనమైన మూడు, నాలుగు గంటల తరువాత, వదులైన దుస్తులతో జంపఖానా మీద కూర్చోండి. మొదటి వారమంతా ఐదు నిమిషాలు చాలు. వెన్ను నిటారుగా ఉంచి, నోరు మూసి, ముక్కుతో మెల్లగా శ్వాస తీయండి. తీసినదానికంటె కొంచెం నిదానంగా విడవండి. ఊపిరి బిగబట్టవద్దు. రెండవ వారంలో తాడాసనం, గోడ ప్రక్కన నిలబడి వృక్షాసనం, బోర్లా పడుకొని భుజంగాసనం చేర్చుకోండి. ఒక్కొక్కదానిలో నాలుగైదు శ్వాసల కాలం నిలవడం చాలు. చివర శవాసనంలో ఐదు నిమిషాలు విశ్రమించండి. ఆసనంలో శ్వాస తడబడితే శరీరం తన హద్దు చెబుతున్నదని గ్రహించి వెనుకకు రండి. ప్రక్కవానితో పోటీ వద్దు. రక్తపోటు, హృద్రోగం, వెన్నుపూస వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. దీర్ఘకాలపు నడుము నొప్పికి యోగాభ్యాసం కొంత ఉపశమనమిస్తుందని వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. అంతమాత్రాన అది సర్వరోగ నివారిణి కాదు. దానిని నమ్మి మందులు మానడం అవివేకం.

"నాట్లు వేసే నడుముకు ఆసనాలెందుకు బిడ్డా?" అని మా అమ్మ ఒకనాడు అడిగింది. ఆలోచించదగిన మాటయే. కాని నాటు వేసే నడుము రోజంతా ముందుకే వంగుతుంది; దానికి కావలసింది మరింత శ్రమ కాదు, వెనుకకు సాగే సుఖం, నిశ్చింతగా శ్వాస తీసే విశ్రాంతి. పుస్తకం మీద, సెల్‌ఫోన్ మీద గంటల తరబడి మెడ వంచే మన విద్యార్థి స్థితి కూడా దాదాపు అంతే. అమ్మకు కష్టం వలన, కుమారునికి అలవాటు వలన వెన్ను వంగుతున్నది. ఇద్దరికీ ఒకే జంపఖానా చాలును.

కమిటీ పెద్దలకు నా విన్నపమిది. జూన్ 21న జంపఖానాలు పరచి, ఫోటోలు తీయించుకొని, మరల వచ్చే జూన్ వరకు చుట్టి పెట్టడం యోగం కాదు. ప్రజలు యోగి అని పిలుచుకున్న వేమన సైతం పైవేషాల యోగులను తీవ్రంగా ఎద్దేవా చేశాడు. మొదటి గంటకు ముందు అరగంట సేపు ఒక గదిని తెరిపించండి. విద్యార్థినులకు వేరుగా సమయాన్ని, మహిళా శిక్షకురాలిని ఏర్పాటు చేయండి. మంత్రం పలకాలన్న నిర్బంధం వద్దు. పలుకుకొనేవారిని ఆపనూ వద్దు. హాజరు పట్టీ అసలే వద్దు. బలవంతంగా కూర్చోబెట్టిన వాని శరీరం కూర్చుంటుందే గాని మనస్సు కూర్చోదు. ఉపవాస మాసంలో విద్యార్థులు తమ శక్తిని బట్టి తేలికైన అభ్యాసంతో సరిపెట్టుకొనే స్వేచ్ఛ ఉండాలి. దీనికి పెద్ద వ్యయం లేదు. ఒక గది, నాలుగు జంపఖానాలు, శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయురాలు ఉంటే చాలును.

వేపచెట్టు క్రింద నిలబడిన ఆ విద్యార్థికి ఇప్పుడు చెబుతున్నాను. నాయనా, చేయవచ్చును. చేయకపోయినా నీకు కొరత లేదు, నిన్నెవరూ నిందించరాదు. చేయదలచుకుంటే నీ విశ్వాసాన్ని గుమ్మం వద్ద విడిచి రానక్కరలేదు. దానితోనే వచ్చి కూర్చో. ఐదు నిమిషాలు నీ శ్వాసను నీవు గమనించు. ఆ గాలికి ఊరు లేదు, పేరు లేదు. మీ ఇంట్లో ఎంత స్వేచ్ఛగా వీస్తుందో మా ఇంట్లోనూ అంతే.