‘సహజ గాత్రం’ అనే తిట్టు

ఈమధ్య ఒక సాహిత్య సదస్సులో ఢావ్లో మీద పత్రం చదివాను. ఢావ్లో అంటే మా లంబాడీ పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లేముందు ఏడుస్తూ పాడే పాట. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, ఆప్యాయంగానే, “అమ్మా, మంగ్లీలాగా ఒక పాట అందుకో. మీవాళ్లకి పుట్టుకతోనే వస్తుంది కదా!” అన్నారు. నాకు పాడటం రాదు. చదవడం వచ్చు, దానికి ఆరేళ్లు పట్టింది. అయినా నవ్వి ఊరుకున్నాను. అలా నవ్వినందుకు నా మీద నాకే వచ్చిన కోపం మరిపెడలో బస్సు దిగి తండాకి ఆటో ఎక్కేదాకా తగ్గలేదు.

మంగ్లీ అసలు పేరు సత్యవతి రాథోడ్. పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర బసినేపల్లి తండాలో. ఇంట్లో గోర్ బోలి, బయట రాయలసీమ తెలుగు. తిరుపతిలో కర్ణాటక సంగీతంలో డిప్లొమా చేసింది. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి, వీ6 చానల్ ‘తీన్మార్’ వార్తల్లో ‘మాటకారి మంగ్లీ’గా తెలంగాణ యాసలో మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే, ఆమె తెలంగాణ పిల్ల కాదంటే మా తండాలో ఇప్పటికీ నమ్మరు. అంటే మనం ‘మట్టి వాసన’ అని మురిసిపోయే ఆ యాస ఆమె కష్టపడి నేర్చుకున్నది! ఇదే పని శాస్త్రీయ గాయకుడు చేస్తే సాధన, సినిమా నటుడు చేస్తే పరకాయ ప్రవేశం. తండా ఆడపిల్ల చేస్తే మాత్రం ‘సహజం’.

సహజం అన్నాక చెట్టుకి కాయ కాసినట్టే. కాయకి కూలీ ఏమిటి, పేరేమిటి? 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకి మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ ఊరూరా మోగింది. రచయితగా సుద్దాల అశోక్ తేజ పేరు వచ్చింది. ఆ జానపదాన్ని సేకరించి ముందే టీవీలో పాడిన కోమలి గొడవ చేస్తే తప్ప ఆమె పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తర్వాత జనం చేసిందేమిటి? కోమలి గొంతు గొప్పదా, మంగ్లీ గొంతు గొప్పదా అని పందెం పెట్టారు. హక్కుల గొడవని ఇద్దరు ఆడవాళ్ల పోటీగా మార్చేయడం మనకి ఎంత సులువో!

అదే ఏడాది బోనాల పాటలో ‘మోతెవరి’ అన్న మాట అమ్మవారిని కించపరిచిందని ఆమె మీద పోలీసు ఫిర్యాదు. మాట రాసినాయన పాలేరు రామస్వామి. మోతెవరి అంటే ఊరి పెద్ద అని అర్థం చెప్పుకోవాల్సింది, మాట మార్చి పాడాల్సింది మంగ్లీ. పాట మెచ్చుకునేటప్పుడు నోరు ఆమెది కాదు, జాతిది. తిట్టేటప్పుడు మాత్రం అచ్చంగా ఆమెదే.

ఆమె పార్టీలకి ప్రచార పాటలు కూడా పాడింది. నాకు నచ్చలేదు. నిలదీయండి, కానీ వృత్తి చేసుకునే మనిషిగా నిలదీయండి. ‘అమాయకపు తండా పిల్ల చెడిపోయింది’ అనే ధోరణి వద్దు.

మనమేం తక్కువ తినలేదు. ‘పుష్ప’లో ‘ఊ అంటావా’ వచ్చినప్పుడు స్త్రీవాదులం చంద్రబోస్ మాటల గురించి, సమంత బట్టల గురించి ఎంత వాదించుకున్నాం! తెలుగులో ఆ పాట పాడింది మంగ్లీ చెల్లెలు ఇంద్రావతి చౌహాన్. కన్నడంలో మంగ్లీయే పాడింది. నేను విన్న ఆ వాదనల్లో గొంతు ప్రస్తావన లేదు. వాదించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అసలు ఢావ్లో అయినా పుట్టుకతో రాదు. పెళ్లికి ముందు పెద్దాడవాళ్లు కూర్చోబెట్టి ఎక్కడ దీర్ఘం తీయాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో నేర్పుతారు. ఏడుపుకీ శిక్షణ ఉంది. నా పత్రంలో ఉన్నదే అది. పెద్దాయన వినలేదు.

మా అన్న కూతురు తొమ్మిదో తరగతి. బాగా పాడుతుంది. “ఫూపీ, వరంగల్ సంగీత కాలేజీలో నన్ను చేర్చుకుంటారా?” అని అడిగింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి చార్జీల బాధ లేదు. కానీ పొయ్యి దగ్గర నుంచి వాళ్లమ్మ అంది: “మన పాటలు మనకి వచ్చినవే కదా, మళ్లీ నేర్చుకునేదేముంది?”

ఈసారి నవ్వలేదు. వదిన పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆమె పెళ్లికి ఢావ్లో ఎవరు నేర్పారో, ఎన్ని రోజులు పట్టిందో చెప్పమన్నాను.